అర్థం మారకుండా తిరిగి రాయండి

న్యాన్ అంటే వాళ్ళ భాషలో తీరిక. కన్నతల్లి ఏ సుఖం ఊహించుకుని ఆ పేరు పెట్టిందో గానీ, యాభై మూడేళ్ళు వచ్చినా అది న్యాన్‌కి ఒక్క పూట కూడా నప్పలేదు. ఈ ఆదివారమే చూడండి. శనివారమంతా ఊరి ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు టీకాలు వేయించి, ఇంటికొచ్చి పందులకు కుడితి పెట్టి, మొగుడి నడుముకు తైలం రాసి పడుకున్న మనిషి, తెల్లారి లేచి మళ్ళీ స్కూటరెక్కి జిల్లా పట్నానికి బయలుదేరింది. ఇంగ్లీషు క్లాసుకి.

క్లాసు జరిగేది మోటార్ సైకిళ్ళ రిపేరు షాపు మీద అద్దె గదిలో. కింద ఎవడైనా ఇంజన్ రేజ్ చేస్తే పైన బల్లలన్నీ వణుకుతాయి. చదివేవాళ్ళందరూ ఇరవై ఏళ్ళ పిల్లలు, పై చదువులకో విదేశాల్లో పనికో పోదామని చూస్తున్నవాళ్ళు. వాళ్ళ వెనక, చివరి బల్ల మీద కిటికీ పక్కన, కళ్ళజోడు ముక్కు కొసకు జార్చుకుని న్యాన్ కూర్చుంటుంది. ఎండ మీద పడగానే కళ్ళు మూతలు పడతాయి. తొడ గిల్లుకుని మేలుకుంటుంది.

మాస్టారు బోర్డు మీద కిందికి దిగే బాణం ఒకటి గీసి, పక్కన ఒక ఇంగ్లీషు వాక్యం రాశాడు. ఇరవై ఏళ్ళలో ఒక ఊళ్ళో పుట్టే పిల్లల సంఖ్య సగానికి పడిపోయిందని దాని సారాంశం. దాని కింద, ఆ దేశంలో బడికెళ్ళిన ప్రతివాడికీ కంఠతా వచ్చిన ఆదేశం రాశాడు: అర్థం మారకుండా వాక్యాన్ని తిరిగి రాయండి.

"న్యాన్ పిన్నీ, మీరు రాసింది చదవండి," అన్నాడు.

న్యాన్ లేచి నిలబడి, ఇంగ్లీషు మాటల చివరి అక్షరాలన్నీ మింగేస్తూ చదివింది. తెలుగులో చెప్పాలంటే అది ఇలా ఉంది: "మా ఊళ్ళో మేము పిల్లల్ని సగానికి తగ్గించాం."

క్లాసంతా గొల్లున నవ్వింది. ముందు బల్ల మీద వీ అనే పిల్ల ఉంది, నోరు ఊరుకోదు. వెనక్కి తిరిగి, "ఏ సగం తగ్గించారు పిన్నీ? తల వైపా, కాళ్ళ వైపా?" అంది.

"వీ, నోర్ముయ్యి. నీ వాక్యం సంగతి తర్వాత చూస్తాను," అన్నాడు మాస్టారు. అతనికీ నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "పిన్నీ, ఈ 'మేము' ఎక్కణ్ణించి ఊడిపడ్డారు? బోర్డు మీద మనిషెవరైనా ఉన్నారా?"

"లేరు మాస్టారూ."

"మరి?"

"ఎవరో ఒకరు చేయకుండా దానంతటది ఎలా తగ్గుతుంది మాస్టారూ?"

మాస్టారు వచ్చి ఆమె పుస్తకంలో ఆ వాక్యం కొట్టేశాడు. ప్రతి ఆదివారం కొట్టేస్తూనే ఉన్నాడు.

ఆ తప్పు ఎక్కడుందో చెప్తాను. మనకు తగ్గడం వేరు, తగ్గించడం వేరు. వాళ్ళకు రెంటికీ ఒకటే మాట, జామ్. దిగిన జ్వరమూ జామే, దొరగారు కోసేసిన జీతమూ జామే. ఎవరు చేశారన్నది వినేవాడు సర్దుకోవాలి. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క మాటా రెండుగా చీలిపోయి, ఏదో ఒకటి ఎంచుకోమంటుంది. అందుకని క్లాసులో అందరూ తడబడతారు. కాకపోతే మిగతావాళ్ళు ఒకసారి అటు, ఒకసారి ఇటు తప్పుతారు. న్యాన్ ఎప్పుడూ ఒకవైపే తప్పుతుంది. ఆవిడ వాక్యంలో తగ్గించినవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

ఇలాంటి వాక్యాల దగ్గరే ఆవిడ పరీక్ష రెండుసార్లు తప్పింది. ఇక మిగిలింది ఒక్క అవకాశమే. వానాకాలం వచ్చేలోపు మూడు ఊళ్ళు కలిపి ఒకటి చేస్తారు. మూడు ఊళ్ళకీ న్యాన్‌తో కలిపి ముగ్గురు జనాభా కార్యకర్తలున్నారు, ఉంచేది ఒక్కరిని. ఇంగ్లీషు సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళకే ఆ కుర్చీ అని పైవాళ్ళు తేల్చేశారు. గర్భిణుల ఇళ్ళకు తిరిగే మనిషికి ఇంగ్లీషు ఎందుకని అడిగేవాడు లేడు. పింఛనుకు మూడేళ్ళ దూరంలో ఉన్న మనిషి ఇప్పుడు బయటికి వచ్చేస్తే ఇంతకాలం చేసిన చాకిరీ సగంలో తెగిపోతుంది. ఇటుకల బట్టీలో నడుం పోగొట్టుకున్న మొగుడు లిక్ ఎలాగూ సంపాదించలేడు. న్యాన్‌కి భయమేసేది అందుకే.

లిక్‌కి మాత్రం ఈ తప్పడం అర్థమయ్యేది కాదు.

"క్వెన్ వాళ్ళమ్మా," అనేవాడు, నీళ్ళ గొట్టం హుక్కాలో పొగాకు కూరుకుంటూ. క్వెన్ వాళ్ళ పెద్దమ్మాయి, పెళ్ళై పక్క జిల్లాలో ఉంది. "పశువుల మీద రాయమంటే రాలేదంటే సరే. జనాభా మీద వాక్యాలు నీకు రాకపోతే ఇంకెవరికొస్తాయే? పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ నీ పని అదేగా!"

"అదే పని కాబట్టే రావట్లేదు," అనేది న్యాన్. అంతకంటే వివరించే ఓపిక లేక అన్నం గిన్నెలు తీసేసేది.

ఆవిడ ఆ పనిలో చేరినప్పుడు ఊళ్ళో కరెంటు స్తంభానికొకటి చొప్పున లౌడుస్పీకర్లు ఉండేవి. ఇప్పటికీ ఉన్నాయి. కోళ్ళు కూసే వేళకు మైకు ముందు కూర్చుని, ఒక కుటుంబానికి ఇద్దరే చాలు, ఇద్దరితో ఆపండి అని చదివేది. మంచి గొంతు. ఆ తర్వాత సైకిలేసుకుని గడప గడపకూ తిరిగేది. నవ్విస్తూ చెప్పేది, బతిమాలేది, అవసరమైతే బెదిరించేది కూడా. ఆమె సైకిలు గంట వినిపిస్తే కడుపుతో ఉన్న ఆడవాళ్ళు పెరటి దారిన వరి చేలల్లోకి తప్పుకునేవాళ్ళు. "తీరికమ్మ వచ్చింది, మనకిక తీరిక లేదు," అని ఎగతాళి చేసేవాళ్ళు. మాట వినకుండా మూడో బిడ్డను కన్నవాళ్ళను ప్లాను పగలగొట్టారు అనేవాళ్ళు. వాళ్ళ పేర్లు మైకులో చదవాలి. అదీ న్యాన్ పనే.

కిందటేడాది నుంచి మైకులో చదివే కాగితం మారింది. ఊళ్ళల్లో చంటిపిల్లల ఏడుపు వినపడడం లేదని పైవాళ్ళకు ఇప్పుడు దిగులు పట్టుకుంది. ఒక కుటుంబానికి ఇద్దరైనా కావాలి, ఆలస్యం చేయకండి అని చదవమన్నారు. అదే మైకు, అదే గొంతు. మొదటిరోజు అది విని సందులో టోఫూ అమ్మే ముసలమ్మ ఆరోగ్య కేంద్రం దాకా నడిచి వచ్చింది. "ఏమే న్యాన్, కళ్ళజోడు మర్చిపోయావా? తప్పు చదువుతున్నావు," అని కసిరింది. న్యాన్ ఆమెకు కాగితం చూపించింది. ముసలమ్మ చదవలేదు, న్యాన్ మొహంలోకి చూసి వెళ్ళిపోయింది.

ఇక మాస్టారి సంగతి.

క్లాసు మొదలైన రోజు అతను బోర్డు మీద తన పేరు రాసి, "నా పేరు తువా. అవును, మిగులు అనే అర్థం. అక్కలిద్దరి తర్వాత ప్లాను పగిలి పుట్టాను, మా నాన్న కోపంకొద్దీ రిజిస్టరులో అదే రాయించాడు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి," అన్నాడు. పిల్లలు నవ్వారు. న్యాన్ చేతిలో పెన్ను బల్ల కిందకి దొర్లిపోయింది. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, ఎడం కనుబొమ్మ విరిగినట్టు ఉంటుంది, అచ్చం తల్లి కనుబొమ్మే. ఆ తల్లి పేరు మైకులో చదివింది తనే.

అతని తల్లి పేరు కూక్. న్యాన్ వాళ్ళ ఊరి కాలవ గట్టు మీద ఉండేవాళ్ళు. ఇద్దరాడపిల్లల తర్వాత కూక్‌కి మళ్ళీ నెల తప్పిందని తెలిసి, న్యాన్ రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ గుమ్మం ముందు సైకిలు దిగేది. కూక్ తలుపు తీసేది, వినేది, ఏమీ అనేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే న్యాన్‌కి కూడా నెల తప్పింది. ఇంట్లో కూతురూ కొడుకూ ఉన్నారు. అది మూడోది.

ఆఫీసులో ఎవరూ బలవంతం చేయలేదు. ఆ అవసరం రాలేదు. నువ్వే ప్లాను పగలగొడితే ఇంకెవరికి చెప్తావు అని పెద్దాయన ఒక్క మాట అన్నాడు, అంతే. న్యాన్ జిల్లా ఆసుపత్రికి ఒంటరిగా వెళ్ళొచ్చింది. లిక్‌కి కూడా తర్వాతే చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు కూక్ ఊళ్ళో కనిపించలేదు. ఉప్పు మళ్ళ వైపు సముద్రం ఒడ్డున మేనత్త ఇంట్లో దాక్కుందని, మగపిల్లాణ్ణి కన్నదని తెలిసింది. పిల్లాడితో తిరిగొచ్చాక ఆ సంసారం ఊళ్ళో తలెత్తుకోలేకపోయింది, పట్నానికి వెళ్ళిపోయింది.

ప్రతి ఆదివారం ఆ పిల్లాడు సుద్దముక్క పట్టుకుని నిలబడి, పెరిగింది, తగ్గింది, నిలకడగా ఉంది అని పాఠం చెప్తుంటే, న్యాన్ వినేది తక్కువ, చూసేది ఎక్కువ. తన మూడోదానికి కూడా ఇప్పుడు ఇంతే వయసు ఉండేది. ఈ ఆలోచన రాని ఆదివారం లేదు. పైగా ఆ పిల్లాడే, పిన్నీ, వాక్యంలోంచి మనుషుల్ని తీసేయండి అంటాడు. అతనికి తెలిసే అంటున్నాడా, తెలియక అంటున్నాడా అని ఆలోచించి ఆలోచించి అలిసిపోయి, తెలియదులే అని తనకు తానే సర్ది చెప్పుకుంది.

పరీక్షకు ముందు ఆదివారం క్లాసు అయ్యాక తువా ఆమెను ఆగమన్నాడు. పిల్లలు చెప్పులు టకటకలాడించుకుంటూ మెట్లు దిగిపోయారు.

"పిన్నీ, మీకు అన్నీ వచ్చు. కాలాలు తప్పట్లేదు, అంకెలు తప్పట్లేదు. ఈ ఒక్కటీ వదిలేస్తే పాసైపోతారు. వాక్యం మొదట్లో 'సంఖ్య' అని పెట్టండి. దాని తర్వాత 'తగ్గింది' అనండి. అంతే. దాన్నెవరూ తోయలేదు, లాగలేదు."

"నేను తోశాను మాస్టారూ."

తువా బోర్డు తుడుస్తున్న గుడ్డ కింద పెట్టాడు. చేతులకంటిన సుద్ద దులుపుకున్నాడు.

"తెలుసు పిన్నీ."

న్యాన్ పుస్తకం మూసింది.

"మొదటి రోజే తెలుసు. మీ పేరూ ఊరూ ఇంట్లో చెప్తే మా అమ్మ గంటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది."

"తిట్టిందా?"

"తిట్టింది. బాగానే తిట్టింది. గొంతు మాత్రం కోయిలలా ఉండేదిరా ముదనష్టపుదానికి అంది."

"మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?"

"మీరు చెప్తారేమోనని చూశాను. మీరు చెప్పలేదు. నేను అడగడం బాగోదనిపించింది. ఇప్పుడు మీరే అన్నారు కదా." తువా ఎదురు బల్ల మీద కూర్చున్నాడు. "పిన్నీ, మా అమ్మ అప్పుడు ఎందుకు పారిపోయిందో మీకు తెలుసా?"

"మీ అమ్మకు మొగపిల్లాడు కావాలి. అందరికీ కావాలి."

"కాదు. మీ మాట విందామనే అనుకుందట. ఇంట్లో బియ్యం లేవు, నాన్న కూడా సరేనన్నాడు. మర్నాడు ఆసుపత్రికి వెళ్దామనుకున్న రోజు మీరొచ్చారట. ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చారట. ఏమీ లేదు కూక్ అక్కా, దోమ కుట్టినట్టుంటుంది, నేనూ చేయించుకొచ్చాను చూడు, సైకిలు కూడా తొక్కుతున్నాను అన్నారట. అంటూనే గుమ్మం మీద కూలబడిపోయారట."

న్యాన్‌కి ఆ గుమ్మం గుర్తుంది. సిమెంటు చల్లగా ఉందనీ, లేవబుద్ధి కాలేదనీ గుర్తుంది. కూక్ లోపలికి వెళ్ళి, మాచిపత్రి వేసి గుడ్డట్టు పోసి తెచ్చింది. నెత్తురు పోయిన ఆడవాళ్ళకు పెట్టేది అదే. న్యాన్ తినేసి, కడుపు నిండి, ఇంటికి పోయి పడుకుంది. ఆ అట్టు ఎందుకు పెట్టిందో, తర్వాత ఏమైందో రెండూ కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు.

"మీరు తింటున్నంతసేపూ మా అమ్మ మీ మొహమే చూసిందట. ఏమీ లేకపోవడమంటే ఇదా, అయితే నాకీ ఏమీ లేకపోవడం వద్దు అనుకుందట. ఆ సాయంత్రమే బట్టలు మూట కట్టింది." తువా నవ్వబోయాడు, సరిగ్గా రాలేదు. "తగ్గించిన లెక్కలో మీరున్నారు, కాదనను. పెరిగిన లెక్కలో నేనొకణ్ణి ఉన్నాను కదా, అదీ మీ చేతి చలవే."

న్యాన్‌కి ఏడుపు రాలేదు. ఏడవాలన్నా ఓపిక కావాలి. బరువు దిగిందా అంటే అదీ లేదు, ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మారినట్టనిపించింది. కింద షాపులో ఎవరో ఇంజన్ రేజ్ చేస్తే బల్ల వణికింది. పుస్తకం సంచిలో పెట్టుకుని, "వెళ్ళొస్తాను మాస్టారూ," అని లేచింది. తలుపు దగ్గర ఆగి, "మీ అమ్మ ఇప్పుడేం చేస్తోంది?" అని అడిగింది.

"బస్టాండు మూల జిగురు అన్నం అమ్ముతుంది. పరీక్ష పొద్దున అటు రమ్మంది."

ఆ పొద్దున అటు వెళ్ళకూడదనే న్యాన్ అనుకుంది. తిట్లు తినడానికి భయం కాదు, పరీక్ష ముందు ఉన్న కాస్త సత్తువ కూడా అక్కడ కారిపోతుందని భయం. స్కూటరు మాత్రం బస్టాండు వైపే తిరిగింది. మూల మీద కూక్ తాటాకు టోపీ పెట్టుకుని, పెద్ద వెదురు బుట్ట ముందు కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. కనుబొమ్మ మాత్రం అలాగే ఉంది. న్యాన్ ఏమనాలో తెలియక వెనక కొట్టు మెట్టు మీద కూర్చోబోయింది.

"గుమ్మాల మీద కూలబడే అలవాటు ఇంకా పోలేదా నీకు?" అంది కూక్. "స్టూలు లాక్కో."

న్యాన్ స్టూలు లాక్కుంది.

"ముసలిదానివైపోయావు."

"నువ్వు మాత్రం పడుచుదానివా అక్కా?"

"నేను ముగ్గుర్ని కన్నాను, నాకు హక్కుంది." ఆ మాట అన్నాక కూక్ చేయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత బుట్టలోంచి పొగలు కక్కే అన్నం అరటాకులో పెట్టింది. నల్ల బొబ్బర్లు వేసి వండిన అన్నం. గింజకీ పరీక్ష గట్టెక్కడానికీ వాళ్ళకు ఒకటే మాట, అందుకని పరీక్షకు వెళ్ళేవాళ్ళు గింజలు తిని వెళ్తారు. పక్క పొయ్యి మీద గుడ్లు కూడా ఉన్నాయి. న్యాన్ చూపు అటు పోవడం కూక్ చూసింది.

"గుడ్డు ఇప్పుడు పెట్టను. గుండ్రంగా ఉంటుంది, సున్నా వస్తుంది. ఇది తిని పో, ఆలస్యమవుతుంది."

పరీక్ష హాల్లో ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి. చుట్టూ పిల్లలు, మధ్యలో న్యాన్. మూడో కాగితం తిప్పేసరికి అది రానే వచ్చింది. ఒక ప్రాంతంలో ఇరవై ఐదేళ్ళలో పుట్టిన పిల్లల లెక్క, కిందికి దిగే గీత. అర్థం మారకుండా తిరిగి రాయండి. న్యాన్ చేయి అలవాటుగా 'మేము' అని రాసింది. రాసి ఆగింది. ఆ 'మేము'లో తనుంది, పెద్దాయన ఉన్నాడు, మైకు ఉంది, జిల్లా ఆసుపత్రిలో తెల్ల తెర ఉంది. ఆ ఒక్క మాట కోసం రెండుసార్లు తప్పింది. మొండితనం కాదు అది, ఇంకోలా రాస్తే అబద్ధమవుతుందని ఆమెకు గట్టిగా అనిపించేది. ఇప్పుడూ అలాగే అనిపించింది. కానీ పింఛను ఉంది, లిక్ నడుం ఉంది. న్యాన్ ఆ మాట మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన 'సంఖ్య' అని రాసింది. సంఖ్య గణనీయంగా తగ్గింది. చుక్క పెట్టింది. మిగతావి కూడా అలాగే రాసుకుంటూ పోయింది. ఒక్క వాక్యంలో కూడా మనిషి లేడు.

పాసైంది. అత్తెసరు మార్కులతో పాసైంది, ఆ కుర్చీ ఆమెకే ఉంచారు. ఇద్దరైనా కావాలని ఇప్పుడు మూడు ఊళ్ళకీ ఆమే చదువుతోంది. అయితే అవన్నీ తర్వాతి మాటలు. ఆ రోజు హాలు బయటికి వచ్చేసరికి ఆమెకేమీ తెలియదు. ఇంటికి పోవాల్సిన మనిషి మళ్ళీ బస్టాండు మూలకే వచ్చింది.

కూక్ బుట్ట ఖాళీ అయింది. గిన్నెలు కడుక్కుంటోంది.

"ఏమడిగారు?"

"పిల్లలు పుట్టడం ఎలా తగ్గిందో రాయమన్నారు."

"ఏం రాశావు?"

"దానంతటదే తగ్గిందని రాశాను."

కూక్ గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని ఆమె వైపు చూసింది. తిట్టలేదు, నవ్వలేదు.

"అయితే పాసవుతావులే," అంది.

తర్వాత పొయ్యి మీద మూకుడు పెట్టి, సంచిలోంచి గుప్పెడు మాచిపత్రి తీసి తరగడం మొదలుపెట్టింది. పరీక్ష అయిపోయింది కాబట్టి ఇక గుడ్డు తినొచ్చు. న్యాన్ స్టూలు పొయ్యికి దగ్గరగా లాక్కుని కూర్చుంది.